చెవి వేడెక్కితేనే మందు

ఒక సంగతి పూర్తిగా అర్థమయ్యాకే రాయాలని ఇన్నేళ్లు ఆగాను. అర్థం కాలేదు. ఇక కాదని కూడా తెలిసిపోయింది. అర్థమైనవి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. అర్థం కానివి ఎవరూ రాసిపెట్టకపోతే, మా కాలంలో దవాఖానల్లో అన్నీ తెలిసే జరిగాయని మీరు అనుకుంటారు. మీరంటే ఇప్పుడిప్పుడే మందుల దుకాణాల్లో, ల్యాబుల్లో, ఇంజెక్షన్ గదుల్లో పనికి కుదిరిన పిల్లలు. ఇది మీకోసమే. ఇందులో ఎవరి పేరూ రాయను. ఉన్నవాళ్లకు ఇబ్బంది, పోయినవాళ్లను అడగలేను.

మాది భువనగిరి దిక్కు. ఉద్యోగం మాత్రం దాదాపు అంతా పాలమూరు జిల్లాలోనే గడిచింది. తొంభైల మొదట్లో కొత్తకోట దాటాక హైవే మీదున్న ఒక చిన్న ఊరి సర్కారు దవాఖానలో కాంపౌండరుగా ఉన్నాను. ఒక ఓపీ గది, ఒక ఇంజెక్షన్ గది, పిల్లల టీకాలు పెట్టే ఫ్రిజ్, ముందు పొడుగాటి వరండా. అంతే దవాఖాన.

నా చదువు పదో తరగతి, దాని మీద కాంపౌండరు శిక్షణ. మిగిలిందంతా గ్రంథాలయం చలవ. సెలవు దొరికితే పాలమూరు బస్సెక్కి జిల్లా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అక్కడ అద్దాల బీరువాలో తాళం వేసి పెట్టిన ఇంగ్లిష్ విజ్ఞాన సర్వస్వం ఉండేది. నా కోసమే ఆ తాళం తీసేవారని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ గర్వమే. దాంట్లో ఒక సంపుటం ఎవరో తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. ఆ సంపుటంలోని అక్షరాలతో మొదలయ్యే జబ్బుల దగ్గర నా జ్ఞానం ఇప్పటికీ కొంచెం తడబడుతుంది. మిగతావాటి దగ్గర తడబడనని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఓపీ అయిపోతుండగా భుజాన గొంగడితో ఒక పెద్దమనిషి వరండా ఎక్కాడు. వెనకాల భార్య, ఆమె చంకలో ఎక్స్‌రే కవరు. గొర్రెల కాపరి. మేమంతా తర్వాత ఆయనను గొర్రెల పెద్దయ్య అని, ఆమెను పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. ఆయనకు మూత్రంలో నెత్తురు పడితే పట్నంలో పెద్ద దవాఖానకు పోయాడు. ఒక మూత్రపిండంలో క్యాన్సర్ గడ్డ ఉందని, ఆ మూత్రపిండాన్నే తీసేశారు. కొన్నాళ్లకు మళ్లీ ఫొటో తీస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలు కనబడ్డాయి. గడ్డ తన విత్తనాలను అక్కడికి పంపిందన్న మాట.

ఆ రోజుల్లో అలాంటి మచ్చలకు మందు లేనట్టే. పట్నంలోని పెద్ద డాక్టరుకు మాత్రం ఎవరో దాతల ద్వారా ఒక కొత్త రకం ఇంజెక్షన్ సీసాలు కొన్ని అందాయి. దాని పేరు ఇంటర్‌ఫెరాన్. రోజు విడిచి రోజు చొప్పున చర్మం కింద గుచ్చాలి. మందను విడిచి ఆయన పట్నంలో ఉండలేడు కనుక, సీసాలను ఐసు ఫ్లాస్కులో పెట్టి బస్సులో మా ఊరికి పంపేవారు.

మా డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చింది. ఉద్యోగంలో కొత్త. సీసా చేతిలో పట్టుకుని నాతో అంది: "చూడండీ, ఇది పాడైపోతే మళ్లీ దొరకదు. వేడెక్కకూడదు, గడ్డకట్టకూడదు. పూచీ మీదే."

మా ఊళ్లో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఐసు ఫ్యాక్టరీ భాయిని పట్టుకున్నాను. సోడా దుకాణాలకు, పెళ్లిళ్లకు ఐసు గడ్డలు అమ్మేవాడు. బస్టాండులో కండక్టరు దగ్గర ఫ్లాస్కు తీసుకోవడం, ఐసు మార్చడం, దాన్ని నాకు చేర్చడం ఆయన తన పనే అనుకున్నాడు.

"భయ్యా, మా ఐసు షర్బతుకే అనుకున్న. గుర్దాల బీమారికి గూడ పనికొస్తదా? మా అబ్బా ఉంటే ఎంత ఖుష్ అయితుండె!" అన్నాడు. గుర్దా అంటే ఆయన మాటల్లో మూత్రపిండం.

మొదటి ఇంజెక్షన్ పొద్దున ఇచ్చాం. మధ్యాహ్నందాకా వరండాలో బెంచీ మీదే కూర్చోమని చెప్పాం. ఎండ నడినెత్తికి వచ్చేసరికి పెద్దయ్యకు వణుకు మొదలైంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. గొంగడి కప్పుకుని ముద్దలా ముడుచుకున్నాడు.

"సారూ! బిరాన రా! మనిషి కొట్టుకుంటుండు!" అని పెద్దమ్మ కేకేసింది.

డాక్టరమ్మ వచ్చి నాడి చూసి, నిదానంగా అంది: "భయపడకండి. జ్వరం వస్తుందని పట్నం వాళ్లు ముందే రాశారు. వచ్చిందంటే మందు పనిచేస్తున్నట్టే లెండి."

ఆ మాట ధైర్యం చెప్పడానికి అన్నది. పెద్దమ్మ మాత్రం దాన్ని మనసులో గట్టిగా నాటుకుంది. వెంటనే ముందుకు వంగి, మొగుడి చెవి పైకొసను రెండు వేళ్లతో పట్టి చూసింది. ఆమె ముఖంలో భయం పోయింది.

"కాలుతున్నది! ఎక్కింది, మందు ఎక్కింది!"

దాని వెనక వాళ్ల పద్ధతి ఒకటి ఉంది. గొర్రెలకు బొబ్బరోగం రాకుండా పశువుల డాక్టరు టీకా వేస్తాడు కదా. ఆ తర్వాత కాపరులు మందలోకి దిగి ఒక్కో గొర్రె చెవి పట్టి చూస్తారు. చెవి వేడిగా ఉంటే టీకా ఎక్కినట్టు. చల్లగా ఉంటే ఎక్కనట్టు. చల్లటి చెవి గొర్రెను పక్కకు లాగి, మళ్లీ వెయ్యమని డాక్టరు వెంటపడతారు.

గొంగడి లోపలి నుంచి పెద్దయ్య వణుకుతూనే అన్నాడు: "నన్ను గూడ మందల కలిపినవా?"

"నువ్వెప్పుడు వేరుగున్నవు? ఇంట్ల పండుకున్నదాని కంటె మందల పండుకున్నదే ఎక్కువ," అంది పెద్దమ్మ.

వరండా అంతా నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ రోజు నుంచి మా దవాఖానలో చెవి పట్టడం మొదలైంది. పెద్దయ్యకు ఇంజెక్షన్ ఇచ్చిన రోజు పనిమనిషి మొదలు డాక్టరమ్మ దాకా అటు పోతూ ఒకరు, ఇటు వస్తూ ఒకరు ఆయన చెవి పట్టి చూసేవాళ్లు. అది చూసి టీకాలకు వచ్చిన తల్లులు పసిపిల్లల చెవులు పట్టడం మొదలుపెట్టారు. "సారూ, మా పిల్లగాని చెవు సల్లగనే ఉన్నది, ఇంకోటి గుచ్చు," అని ఒకామె నన్ను గదమాయించింది కూడా.

ఇక నేను ఊరుకుంటానా? పట్నం డాక్టరు సీసాలతో పాటు మా డాక్టరమ్మకు కొన్ని జిరాక్సు కాగితాలు పంపాడు. ఆమె చదివి నాకిచ్చింది. నేను వాటిని పాలమూరు తీసుకుపోయి, గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా విప్పుకున్నాను. నాకు అర్థమైంది ఇదీ. మన ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లు మోసేవి కొన్ని ప్రొటీన్లు. ఒక కణంలోకి వైరస్ దూరితే, అది చచ్చేలోపు పక్క కణాలకు 'జాగ్రత్త' అని కబురు పెడుతుంది. ఆ కబురే ఇంటర్‌ఫెరాన్. మూత్రపిండపు గడ్డ నుంచి తీసిన కణాలను గాజు పళ్లెంలో పెంచి, వాటి మీద దీన్ని వేస్తే, వాటి పెరుగుదల నెమ్మదిస్తుందట. అన్నింటిదీ కాదు, కొన్నింటిది. మిగతావి ఆ కబురు విననట్టే పెరుగుతాయట.

నేను ఇదంతా వరండాలో పెద్దయ్యకు, పెద్దమ్మకు, చుట్టూ చేరినవాళ్లకు వివరించాను. 'కొన్ని వినవు' అన్న ముక్క దగ్గర మాత్రం గొంతు తగ్గించాను. పెద్దయ్య విని, "అంటే నువ్వు గుచ్చేది మందు గాదు, కబురన్నట్టు," అన్నాడు.

"అవును పెద్దయ్యా."

"కబురు అందినట్టు చెవు చెప్తది."

అదీ అవుననే అనిపించింది నాకు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. తర్వాత జ్వరం తగ్గడం మొదలైంది. ముందు వణుకు పోయింది. తర్వాత ఒళ్లు వెచ్చబడటం కూడా పోయింది. పొద్దున ఇంజెక్షన్ చేయించుకుని, మధ్యాహ్నం పెద్దయ్య లేచి చక్కగా బీడీ కోసం వెతుక్కునేవాడు. వేరే దవాఖానలో అయితే ఇది మంచి వార్త. మా దగ్గర అది పెద్ద గొడవైంది.

పెద్దమ్మ మొదట అనుమానపడింది. తర్వాత నా చేతుల వైపు చూడటం మొదలుపెట్టింది. ఆ మందు పొడిగా వస్తుంది, అదీ సీసా అడుగున కనీకనబడనంత. దాంట్లోకి నీళ్లు ఎక్కించి, కరిగించి, అప్పుడు సిరంజిలోకి తీయాలి. ఒకరోజు ఆమె సరిగ్గా నీళ్లు ఎక్కించేటప్పుడు ఇంజెక్షన్ గదిలోకి వచ్చింది.

"గదేంది సారూ? నీళ్లు పోస్తున్నవు?"

"పొడి కరగాలంటే పొయ్యాలె పెద్దమ్మా."

"పొడేది? నాకు కనబడుతలేదు. నా కండ్లు పోయినయా, పొడి పోయిందా?"

గది బయట జనం ఉన్నారు. ఆమె గొంతు తగ్గించలేదు. "ముందుగాల చెవు కాలిపోతుండె. ఇప్పుడు కుక్క ముక్కు తీర్గ సల్లగున్నది. అసలు మందు ఎవలకు అమ్ముకున్నవు? మా మనిషికి ఒట్టి నీళ్లు గుచ్చుతున్నవు!"

ఆ మాట సాయంత్రానికి హోటల్ దాకా పోయింది. నేను పోయి చాయ్ అడిగితే ఒకాయన, "సారుకు నీళ్లు తక్కువ పొయ్యిరా," అన్నాడు. ఐసు భాయి వేరేగా బాధపడ్డాడు. తప్పు తన ఐసుదే అనుకున్నాడు. మందుకు చలువ చాలడం లేదేమోనని ఒకసారి ఫ్లాస్కులో ఉప్పు కలిపిన ఐసు వేశాడట. కుల్ఫీకి అలాగే చేస్తారు. ఆ సంగతి ఆయన తర్వాత చెప్పాడు. ఉప్పు వేస్తే ఐసు మరీ చల్లబడుతుంది. గడ్డకట్టకూడదని కదా డాక్టరమ్మ చెప్పింది.

ఇప్పుడు నాకు మూడు అనుమానాలున్నాయి. ఒళ్లు మందుకు అలవాటుపడి జ్వరం రావడం లేదా? భాయి ఉప్పుకు మందు పాడైందా? లేక ఆ కబురు పెద్దయ్య ఒంటికి అందడమే మానేసిందా? డాక్టరమ్మను అడిగితే, "కొన్నాళ్లకు జ్వరం తగ్గుతుందని ఉందండీ. కానీ మీ భాయి ఉప్పు సంగతి అందులో లేదు," అంది. నీళ్లు ఎక్కించిన సీసాను వెలుతురుకు పట్టి చూశాం. తేటగా ఉంది. తేటగా ఉంటే బాగున్నట్టా? మాకు తెలియదు.

మేము ఇలా సీసాలను చూసుకుంటుండగా పెద్దయ్య రావడమే మానేశాడు. మందను తోలుకుని దక్షిణానికి బయల్దేరాడని తెలిసింది. ఏటా ఎండాకాలం ముందు కాపరులు మందలతో కృష్ణ ఒడ్డు దిక్కు పోతారు. నీళ్లు, మేత దొరుకుతాయని. దారిలో రైతులు తమ చేలల్లో మందను ఆపించుకుంటారు, ఎరువు కోసం. ఇంజెక్షన్ మానేసి ఆ దారి పట్టాడంటే, ఊపిరితిత్తుల్లోని మచ్చలకు ఇక అడ్డు లేదు. ఫ్రిజ్‌లో మాత్రం ఆయన కోసం వచ్చిన సీసాలు ఇంకా ఉన్నాయి.

డాక్టరమ్మ, "మనం ఏం చేయగలమండీ, ఆయన ఇష్టం," అంది. అంటూనే ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది.

భాయి తన లూనా మోపెడ్ మీద నన్ను ఎక్కించుకున్నాడు. ఫ్లాస్కు నా ఒళ్లో. ఈసారి ఉప్పు లేని ఐసు. దారిలో అడిగినవాళ్లనల్లా అడుగుతూ పోతే, వేరుశనగ పీకేసిన ఒక చేలో మంద దొరికింది. పెద్దయ్య దడి సరిచేస్తున్నాడు. మనిషి కొంచెం చిక్కాడు. పెద్దమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తోంది. నన్ను చూసి రొట్టె తిప్పడం ఆపలేదు.

"నీళ్ల సారు వచ్చిండు," అంది.

"పెద్దమ్మా, మందు నిజమైందే. నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీదెందుకు? నీ మీదనే చూపెట్టు. నువ్వు గుచ్చుకో. నీ చెవు నేను చూస్త."

పెద్దయ్య నవ్వాడు. "ఏయ్, ఊకో. సారుకు సూదంటె భయం ఉంటదేమో."

భాయి నా వైపు తిరిగి, "గుచ్చుకో భయ్యా. నా ఐసు ఇజ్జత్ గూడ తేలిపోతది," అన్నాడు.

ఒక సీసాలో పెద్దయ్య మోతాదు పోగా ఎప్పుడూ కొంత మిగిలేది. పారబోసేవాళ్లం. సీసా తీసి ఆమె కళ్ల ముందే నీళ్లు ఎక్కించాను. పెద్దయ్య మోతాదు వేరే సిరంజిలోకి తీసి, మూత పెట్టి ఐసు మీద పెట్టాను. మిగిలింది నా చేతికి గుచ్చుకున్నాను. అలాంటి పని చేయకూడదని నాకు తెలుసు. మీరు ఎప్పుడూ చేయకండి. ఆ పూట నాకు వేరే దారి తోచలేదు.

తర్వాత మేము నలుగురం నా జ్వరం కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాం. జ్వరం రావాలని కోరుకుంటూ కూర్చోవడం నా జీవితంలో అదొక్కసారే. రొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టారు. తిన్నాను. పెద్దయ్య గొర్రెల కథలు చెప్పాడు. గుట్ట చాటున తోడేళ్లు ఎలా మాటేస్తాయో చెప్పాడు. మధ్యమధ్య పెద్దమ్మ వచ్చి నా చెవి పట్టి, "సల్లగున్నది," అని పెదవి విరిచి పోయేది. భాయి తన చెవి కూడా చూపించాడు. "నీకెందుకయ్యా?" అంటే, "తేడా తెల్వొద్దా?" అన్నాడు.

ఎండ కొంచెం వాలాక నా వెన్నులో చలి పాకింది. ముందు అనుమానమనుకున్నాను. తర్వాత దవడ నా మాట వినలేదు. పెద్దయ్య తన గొంగడి తెచ్చి నా మీద వేశాడు. దానికి గొర్రెల వాసన, పొగ వాసన. పెద్దమ్మ పరుగున వచ్చి నా చెవి పట్టింది. ఈసారి వదల్లేదు.

"కాలుతున్నదిరా కొడుకా!" అంది. 'సారు' పోయి 'కొడుకు' వచ్చింది. "మందు అసలుదే! ఓ మనిషీ, రా, గుచ్చించుకో!"

గొంగడి కప్పుకునే పెద్దయ్యకు ఇంజెక్షన్ ఇచ్చాను. భాయి లూనా మీద నన్ను తన ముందు కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని తీసుకొచ్చాడు. డాక్టరమ్మ సంగతి విని, "మీకేమైనా పిచ్చా? ఉద్యోగం పోతుంది మీది!" అని గట్టిగా తిట్టింది. తిట్టి, అటూ ఇటూ చూసి, నా చెవి పట్టి చూసింది.

ఇప్పుడు చెప్పండి. ఆ జ్వరం మందుదేనా? పొద్దంతా ఎండలో కూర్చున్నాను. మా జిల్లాలో మలేరియా కూడా ఉంది. లేక జ్వరం రాకపోతే నా పరువు పోతుందన్న భయంతోనే వచ్చిందా? మర్నాటికి దిగిపోయింది కనుక మందుదే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను, అంతే.

పెద్దయ్య మందను అక్కడి నుంచి వెనక్కి తిప్పి మా ఊరి దగ్గర్లోనే ఆపాడు. ఇంజెక్షన్లు మళ్లీ మొదలయ్యాయి. జ్వరం లేదు. అయినా పెద్దమ్మ ఏమీ అనలేదు. మందు నిజమైందని నా చెవి సాక్ష్యం చెప్పింది కదా.

అంతా సద్దుమణిగిందనుకుంటున్న రోజుల్లో నేను పాలమూరు గ్రంథాలయంలో జిరాక్సు కాగితాల చివరి పేజీలు విప్పుకుంటున్నాను. అక్కడ ఇంకో కబురు ప్రొటీను సంగతి ఉంది. దాని పేరు ఇంటర్‌ల్యూకిన్, ఆ కుటుంబంలో ఆరోది. మన ఒంట్లో శత్రువు దూరినప్పుడు జ్వరం తెప్పించి, రక్షక కణాలను లేపే వాటిల్లో ఇదొకటి. అది మంచిదే కదా అనుకుంటూ పేజీ తిప్పాను. కొన్ని మూత్రపిండపు గడ్డ కణాలు ఇదే కబురును తామే తయారు చేసుకుంటాయట. తయారు చేసుకుని, దాన్నే తిండిలా వాడుకుని పెరుగుతాయట. ఆ మాట అర్థం తప్పు చదివానేమోనని నిఘంటువులో మూడు చోట్ల చూశాను. అదే అర్థం.

కాగితాలు పక్కన పెట్టి లెక్క వేసుకున్నాను. ఒక కబురు గడ్డను ఆపుతుంది. దాని అన్నదమ్ములాంటి ఇంకో కబురు గడ్డను పెంచుతుంది. జ్వరం రెండింటితోనూ రావచ్చు. అలాంటప్పుడు చెవి వేడి ఎవరి వార్త? మనవాళ్లదా, గడ్డదా?

ఆ చదువు తలలో తిరుగుతూ ఉండగానే, ఒక పొద్దున పెద్దమ్మ బెల్లం ముక్కలు పట్టుకుని దవాఖానకు వచ్చింది. కనబడినవాళ్లందరి చేతిలో పెడుతోంది.

"కొడుకా, మళ్లొచ్చింది జరం! రాత్రి నుంచి చెవు నిప్పుల కొలిమి తీర్గున్నది!"

ఆమె వెనక పెద్దయ్య గొంగడి కప్పుకుని నవ్వుతూ వచ్చాడు. ఇంజెక్షన్ మొన్న ఇచ్చాం. నిన్న ఇవ్వలేదు. ఇవ్వని రోజు వచ్చింది జ్వరం. నేను చెవి పట్టి చూశాను. నిజంగానే కాలుతోంది. ఆమె నా నోట్లో బెల్లం పెట్టింది. మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గన పెట్టుకున్నాను.

డాక్టరమ్మ గదిలోకి పోయి చదివిందంతా చెప్పాను. "వాళ్లకు చెప్పారా?" అంది. లేదన్నాను. "చెప్పకండి. నాకే అర్థం కావట్లేదు. ముందు మలేరియా చూద్దాం, తర్వాత ఎక్స్‌రే." వేలు గుచ్చి నెత్తురు చూపించాం, మలేరియా లేదు. మరునాడు డాక్టరమ్మే సెలవు పెట్టి మాతో పాలమూరు వచ్చింది. బస్సులో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని, మందను మళ్లీ ఎప్పుడు తోలుకుపోవాలో లెక్కలేస్తోంది. వాళ్లకు తేలాల్సింది ఒకటే. ఆయన మంద వెంట మళ్లీ కృష్ణ దాకా నడవగలడా, లేక గొర్రెలను అమ్మేయాలా? ఆ జవాబు ఎక్స్‌రేలో ఉంటుందని వాళ్ల నమ్మకం. నాదీ అదే.

కొత్త ఫిలిం, పాత ఫిలిం పక్కపక్కన కిటికీ అద్దానికి ఆనించి చూశాం. పాతదాంట్లో ఉన్న చిన్న మచ్చలు కొన్ని కొత్తదాంట్లో లేవు. నిజంగా లేవు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. డాక్టరమ్మ వేలు కిందికి జరిపింది. అడుగున ఉన్న ఒక మచ్చ ముందుకంటే పెద్దదైంది.

"ఇవి పోయాయి. ఇది పెరిగింది," అంది.

పెద్దయ్య ఫిలిం వైపు, ఆమె వైపు చూశాడు. "ఒకటే ఒళ్లు, ఒకటే సూది. గట్లెట్లయితది డాక్టరమ్మా?"

"తెలియదు పెద్దయ్యా."

"జరమొచ్చినప్పుడు పోయినయా, రానప్పుడు పోయినయా?"

"అదీ తెలియదు."

"మరి ఈ జరం మంచిదా, చెడ్డదా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఇక దాచడం నావల్ల కాలేదు. కబుర్ల సంగతి, ఒక కబురు ఆపడం, ఇంకో కబురు పెంచడం, ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి గొంతు తగ్గించలేదు. పెద్దమ్మ బెల్లం మూట కొంగులో బిగించుకుంది. పెద్దయ్య అన్నాడు:

"గొర్లను కేకేస్త. గొర్లు వింటయి. గుట్ట చాటున్న తోడేలు గూడ వింటది. వింటదని కేకెయ్యకుంట ఉండలేను గద."

అది నా కాగితాల్లోని విషయమేనా, వేరేదా? ఆ పోలిక సరిపోతుందో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు. కాగితాలు రాసినవాళ్లు తోడేలును చూసి ఉండరు.

"గొర్లు అమ్ముదామా?" అని పెద్దమ్మ మెల్లగా అడిగింది.

"అన్నీ ఎందుకు? కొన్ని మచ్చలు పోయినయి, ఒకటి పెరిగింది గద. సగం మంద బిడ్డకిస్త. సగం నాతో నడుస్తది," అన్నాడు పెద్దయ్య. అక్కడితో ఆ విషయం ముగిసింది. మా వల్ల తేలనిది ఆయన సగానికి కోసి తేల్చేశాడు.

సీసాలు ఉన్నన్నాళ్లు ఇంజెక్షన్లు ఇచ్చాం. జ్వరం వచ్చేది, పోయేది. దానికి మా ఇంజెక్షన్ల రోజులతో పొంతన ఉండేది కాదు. పెద్దమ్మ చెవి పట్టి చూడటం మానలేదు గానీ, చూసి ఏమీ అనేది కాదు. పట్నం నుంచి సీసాలు రావడం ఆగిపోయాక ఆయన సగం మందతో కృష్ణ ఒడ్డుకు పోయాడు. తిరిగి వచ్చాడు. మరుసటి ఎండాకాలం కూడా పోయాడు. ఆసారి మందను అల్లుడొక్కడే తోలుకొచ్చాడు. మందు ఆయనకు ఆ రెండు ఎండాకాలాలు ఇచ్చిందా? మందు లేకపోయినా ఉండేవాడా? లేక మేము లేపిన కబురే గడ్డకూ అందిందా? తర్వాతి కాలంలో కొత్త మందులు వచ్చాయి. వాటి గురించి చదివాను. మా పెద్దయ్య ఒంట్లో ఏం జరిగిందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాయనన్నాను కనుక పనితోనే పిలుస్తాను. అద్దాల బీరువా తాళం తీసిన గ్రంథాలయం పెద్దసారుకు, ఫ్లాస్కును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన బస్సు కండక్టరుకు, ఉప్పు వేసినందుకు, వేయనందుకు కూడా ఐసు భాయికి నా సలాములు. 'తెలియదు' అన్న మాటను రోగి ముందు నిలబడి అనగలిగిన డాక్టరమ్మకు దండం. మందు నా ఒంటి మీద పరీక్షించుకునే దాకా నన్ను తరిమిన పెద్దమ్మకు, తన గొంగడి నాకు కప్పిన పెద్దయ్యకు వేరే చెప్పాలి.

ఆయన పోయిన కొన్నాళ్లకు పెద్దమ్మ దవాఖానకు వచ్చింది. జబ్బేమీ లేదు. ఆ గొంగడిని ఉతికి, మడిచి తెచ్చింది. నా భుజాన వేసింది. నేను వద్దంటుంటే వినకుండా చెయ్యి చాచి నా చెవి పట్టి చూసింది.

"సల్లగున్నది," అంది. కాసేపు అలాగే పట్టుకుని, "మంచిదో చెడ్డదో నాకేం ఎర్క," అని వదిలేసింది.